ఊమ్ స్టోఫెల్ పడ్డాడు, నూనె ఎక్కడిది?

స్టోఫెల్ గ్రున్లింగ్ మోటార్‌సైకిలు మీంచి లేచి, గనిదిబ్బ దాటి, కోతలైపోయిన పొద్దుతిరుగుడు చేలో దిగాడు. దిగే ముందు గాలిలోనే ఎడమచెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చాడు. ఆ చేలో మేస్తున్న గొర్రెలు ఆయన్ని చూడగానే ఒక వరసలోకి వచ్చి నిలబడ్డాయి. లైసెన్సు అడుగుతాడేమోనని వాటి భయం.

ఈ కథ చెప్పింది నేనే. మా మోటార్‌సైకిలు పందేల ట్రాక్‌లో ఎవడు పడ్డా ఆ పాటును కథగా చెప్పడం నా పని. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసింది గానీ నోరు వదల్లేదు. ఈ పీఠభూమి మొత్తం మీద నాకు సాటి వచ్చే అబద్ధాలకోరు లేడని మా పాస్టరుగారు ఆదివారం వేదిక మీదే ఒప్పుకున్నారు.

మా ఆచారం ఇది. మధ్యాహ్నం నిప్పుల మీద సాసేజీలు కాలుతుండగా, ఆ పూట పడినవాడు బీరు పెట్టె ఎక్కి నిలబడాలి. వాడు ఎలా పడ్డాడో నేను చెబుతాను. కథ అయ్యాక వాడికి ఒక్కసారి మాట్లాడే హక్కు ఉంది. మాట్లాడకపోతే నేను చెప్పిందే ఖాయం. ఇంతవరకు ఎవడూ ఆ హక్కు వాడుకోలేదు. ఎందుకు వాడుకుంటాడు? నా కథల్లో ఎవడూ తన తప్పువల్ల పడడు. నూనె ఉంటుంది. గినీకోడి అడ్డం వస్తుంది. గాలి తోస్తుంది. మా ట్రాక్ మీద నేను ఒలికించిన నూనెతో ఊరంతా ఏడాదిపాటు బంగాళాదుంపలు వేయించుకోవచ్చు.

స్టోఫెల్ సంగతి వేరు. మొన్న మార్చిలో రిటైరయ్యేదాకా మా ఊరి ట్రాఫిక్ ఆఫీసులో లైసెన్సు పరీక్ష పెట్టింది ఆయనే. ఊళ్ళో అందరూ ఆయన్ని ఊమ్, అంటే మా భాషలో బాబాయ్, అనాల్సిందే, తిట్టేటప్పుడు కూడా. అద్దంలో చూడలేదని ఫెయిల్, చూస్తే ఆలస్యంగా చూశావని ఫెయిల్. వెట్‌కూక్‌లనే పిండి బోండాలు వేయించే టానీ రీనాను, మా అందరి రీనా పిన్నిని, జుట్టు నెరిసేదాకా ఫెయిల్ చేశాడు. నన్ను ఆగినప్పుడు తప్పు కాలు కింద పెట్టానని ఫెయిల్ చేశాడు. ఏ కాలు పెడితే ఏం, రెండూ నావే కదా.

రిటైరయ్యాక ఆయనకు మిగిలింది ఒక్కటే. ట్రాక్‌లో కొత్తవాళ్ళకు నేర్పేవాళ్ళు తోలు సూటు మీద తొడిగే నారింజరంగు చేతుల్లేని కోటు. దాన్ని ఇంటావిడ చేత ఇస్త్రీ చేయించి మరీ తెచ్చేవాడు. అది తొడిగితే జనం ఇంకా ఆయన మాట వినాలి. కానీ క్లబ్బు నియమం ఒకటుంది. కోటు తొడిగినవాడు తన తప్పువల్ల పడితే కోటు విప్పేయాలి, మళ్ళీ ఇవ్వరు. ఆ నియమం రాసింది కూడా ఆ మహానుభావుడే.

ఆ ఆగస్టు ఉదయం కరెంటు కోత. మాకు ఆగస్టంటే నడి చలికాలం. టైర్లను వేడిచేసే కరెంటు దుప్పట్లు చచ్చిన పాముల్లా చుట్టుకుని పడున్నాయి. గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. స్టోఫెల్ అందరినీ నిలబెట్టి ప్రవచనం మొదలుపెట్టాడు.

"మన ట్రాక్ అంతా కుడికి తిరుగుతుంది. ఎడమకు తిరిగేది ఒక్కటే, అత్తగారి మలుపు. అక్కడికి వెళ్ళేసరికి టైరు కుడిపక్క వేడెక్కి ఉంటుంది, ఎడమపక్క చల్లగా ఉంటుంది. అక్కడ బండి వంచి ముందు బ్రేకు పట్టుకున్నవాడు మనిషి కాదు."

"మరేంటి ఊమ్?" అన్నాను.

"నువ్వు," అన్నాడు.

అందరూ నవ్వారు. అది నేను మనసులో పెట్టుకున్నాను.

తరవాత కొత్తవాళ్ళను వెనకేసుకుని బయల్దేరాడు. బాతు, వెనక పిల్లలు. మొదటి చుట్టులోనే, అత్తగారి మలుపులో, సైకిలు తొక్కేంత వేగంలో, ముందుచక్రం జారి పడ్డాడు. బండి ఒక పక్కకు, మనిషి ఇంకో పక్కకు. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే ఆయన పక్కనుంచి, ఆయన నేర్పినట్టే, మెల్లగా, పద్ధతిగా వెళ్ళిపోయారు.

ఎర్రజెండా ఊపారు. జనం గోడ మీదికి ఎక్కారు. సాయం చెయ్యడానికి కాదు.

"లేస్తున్నాడా?" అంది టానీ రీనా, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి.

"లేస్తున్నాడు."

"అయ్యో," అంది. ఆ 'అయ్యో'లో జాలి లేదు.

మెడకింద ఎముక విరిగిందని అంబులెన్సు అమ్మాయి చెయ్యి కట్టేసింది. ఆస్పత్రికి పదమంటే, "పెట్టె ఎక్కాక," అన్నాడట.

క్లబ్బు పెద్ద డ్రీస్ నన్ను వ్యాను వెనక్కి లాక్కెళ్ళాడు. డ్రీస్ మంచివాడు, అంటే పిరికివాడు.

"ఫ్రిక్కీ, కథలో నూనె వెయ్యి."

"ఆయనకా?"

"కోటు తీసేస్తే ఆ మనిషికి ఇంకేం ఉందిరా? ఇంట్లో కూర్చుని వాళ్ళావిడ టానీ ఎల్సాబె కూర తరిగే పద్ధతికి మార్కులు వేస్తాడు. పాపం ఆవిడ."

"అక్కడ నూనె లేదు."

"ఎప్పుడుందని? వెయ్యి."

జెండా పట్టుకునే మొఖేతి అక్కడే సిగరెట్టు కాలుస్తున్నాడు. ట్రాక్ ఊడ్చేదీ అతనే. "పొద్దున నేనే ఊడ్చాను," అన్నాడు. "నూనె వేస్తే వెయ్యండి గానీ, చీపురు పట్టింది నేనని మాత్రం చెప్పకండి."

నేను ఆలోచించాను. వేస్తాను. ఒక చుక్క కాదు, పీపా. స్టోఫెల్ నోరు మూసుకుని కోటు నిలుపుకుంటాడు. అక్కడ నూనె లేదని ఊరందరికీ తెలుసు. ఇక జీవితాంతం ఆయన ఎవరికి వేలు చూపించినా, చూపించుకున్నవాడు కాళ్ళ కింద నేల తడిమి, "నూనె ఉందేమో చూస్తున్నా ఊమ్" అంటాడు. కోటు తీసేసినదానికన్నా ఇది ఎక్కువ మండుతుంది. డ్రీస్ దయతో అడిగాడు, నేను కక్షతో ఒప్పుకున్నాను. ఇద్దరికీ కావలసింది ఒకటే కాబట్టి చేతులు కలుపుకున్నాం.

టానీ రీనాకు చెప్పాను. ఆవిడ నాకు ఒక వెట్‌కూక్ ఊరికే ఇచ్చింది. ఆవిడ జన్మలో ఎవరికీ ఊరికే ఇచ్చింది లేదు.

మధ్యాహ్నం స్టోఫెల్ పెట్టె ఎక్కాడు. ఒక చెయ్యి కట్టులో ఉంది, కోటు ఒక పక్క చిరిగింది, మొహం సున్నం కొట్టినట్టుంది. సాయానికి ఎవడూ చెయ్యి ఇవ్వలేదు. మూడోసారికి ఎక్కగలిగాడు.

"మెల్లగా ఊమ్," అన్నాడెవడో వెనకనుంచి. "ఎక్కేముందు అద్దంలో చూశారా?"

"చూసినా ఆలస్యంగా చూసుంటారు," అంది టానీ రీనా.

నేను మొదలుపెట్టాను. గనిదిబ్బ చెప్పాను, చాపిన చెయ్యి చెప్పాను, గొర్రెలు చెప్పాను. హెల్మెట్టు విడిగా దొర్లుకుంటూ ట్రాఫిక్ ఆఫీసుదాకా వెళ్ళి వరసలో నిలబడిందన్నాను. జనం పొట్టలు పట్టుకున్నారు. స్టోఫెల్ మాత్రం పరీక్షలో నా బండి ముందు నిలబడినప్పుడు ఎలా ఉండేవాడో అలాగే ఉన్నాడు. ఎదటికి చూస్తూ, అన్నీ వింటూ.

అప్పుడు నూనె వేశాను. "ఇంత పెద్దమనిషి ఊరికే పడతాడా? అత్తగారి మలుపులో నూనె ఉంది. చెరువంత. అందులో బాతులు ఈదుతున్నాయి. నా కళ్ళతో చూశాను."

నవ్వు ఆగిపోయింది. అందరూ ఆయన మొహంకేసి చూస్తున్నారు. మొఖేతి నేలచూపులు చూశాడు. టానీ రీనా పళ్ళెం కింద పెట్టి చేతులు కట్టుకుంది.

"మరి ఊమ్," అన్నాడు డ్రీస్, బతిమాలుతున్నట్టు, "ఫ్రిక్కీ చెప్పింది విన్నారు. కలిపేదేమీ లేకపోతే భోజనాలు మొదలుపెడదాం. వేడివేడిగా ఉన్నాయి. తల ఊపితే చాలు."

స్టోఫెల్ తల ఊపలేదు. బాగున్న చేత్తో కోటు జిప్పు లాగాడు. అది సగంలో ఇరుక్కుంది. మళ్ళీ లాగాడు. విరిగిన పక్కనుంచి కోటు తీస్తుంటే పళ్ళు కరుచుకున్నాడు గానీ శబ్దం రానివ్వలేదు. దాన్ని పొట్టకు ఆనించి, ఇస్త్రీ మడతల మీదే మళ్ళీ మడిచి డ్రీస్ చేతిలో పెట్టాడు. డ్రీస్ దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. నన్నెవడూ చూడటం లేదు. ఇకమీదట ఆ పెట్టె ఎక్కిన ఏ వెధవకూ నూనె దొరకదని నాకప్పుడే అర్థమైంది. మనిషి పడ్డాడు సరే, పోతూ పోతూ మా అందరి నూనె కూడా పట్టుకుపోతున్నాడు.

పెట్టె మీదనుంచే స్టోఫెల్ నాకేసి తిరిగాడు.

"నేను ఎగరలేదు. చెయ్యి చాపలేదు. నూనె లేదు, మొఖేతి శుభ్రంగా ఊడ్చాడు. కొత్తవాళ్ళు వస్తున్నారా లేదా అని బండి వంచి ఉండగా వెనక్కి తిరిగి చూశాను, చూస్తూ ముందు బ్రేకు పట్టుకున్నాను. ఫెయిల్."