నాలుక మేస్త్రి, మూడు బస్తాల ఉప్పు

మా ఆయన ఏం పని చేస్తాడో చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు. ఊళ్ళో కలిగినవాళ్ళ ఇళ్ళల్లో ఉండే స్విమ్మింగ్ పూల్స్ బాగుచేస్తాడు. ఈ కాలపు పూల్స్‌లో క్లోరిన్ పొడి చల్లరు, కాస్త ఉప్పు కలుపుతారు. పంపు పక్కన గోడకి ఒక పెట్టె ఉంటుంది. ఉప్పునీళ్ళు గొట్టంలో రేకుల మధ్య నుంచి పోతుంటే, అది ఆ రేకులకి కరెంటిచ్చి అక్కడికక్కడే క్లోరిన్ పుట్టిస్తుంది. ఉప్పు తగ్గితే పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతుంది. మిగతా మెకానిక్కులైతే అప్పుడు మీటరు తీస్తారు. మా ఆయన గట్టున మోకాళ్ళ మీద కూర్చుని, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటాడు. ఉప్పు సరిపోయింది, దీపం అబద్ధం చెబుతోంది, రేకులకే ఏదో పట్టింది అంటాడు. విప్పి చూస్తే నిజమే. అందుకే ఆయన్ని అందరూ నాలుక మేస్త్రి అంటారు. మీటరు మాత్రం కొన్ననాటి నుంచి అట్టపెట్టెలోనే ఉంది.

ఆ నాలుకతో ఇరవై రెండేళ్ళు కాపురం చేసింది నేను. కూర వడ్డించి, పరీక్ష రాసిన పిల్లలా ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడాలి. చిటికెడు తగ్గిందంటాడు. ఒక్కోరోజు అర చిటికెడు ఎక్కువైందంటాడు. అర చిటికెడేమిటండీ, దాన్ని ఏ మహానుభావుడు కొలిచాడు? ఒళ్ళు మండిపోయేది.

మొన్నామధ్య జలుబు చేసి నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నాడు. లేచాక మనిషే మారిపోయాడు. ఏది పెడితే అది తినేస్తున్నాడు, నోరెత్తడు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందని నేను పొంగిపోయాను. మా అక్కకి ఫోన్ చేసి మరీ గొప్పలు పోయాను. ఎంత పిచ్చిమొహాన్నో చూడండి.

సరిగ్గా అప్పుడే, మా ఆయన ఎప్పట్నుంచో చూసే డాక్టరమ్మ గారింటి పూల్ దగ్గర ఎర్రదీపం వెలిగింది. వాళ్ళమ్మగారికి మోకాలి ఆపరేషనయింది, రోజూ నీళ్ళలో నడవాలి. మా ఆయన వెళ్ళి పాతిక కిలోల ఉప్పు బస్తా పోసి వచ్చాడు. దీపం ఆరలేదు. మర్నాడు ఇంకోటి పోశాడు. మూడోరోజు మూడోది. దీపం దీపమే, పైగా క్లోరిన్ లేక నీళ్ళు ఆకుపచ్చగా తిరిగాయి. రేపటికల్లా బాగవకపోతే వేరేవాళ్ళని పిలుచుకుంటానని డాక్టరమ్మ మెత్తగానే చెప్పిందట. ఆవిడ మాట మీదే ఆ వీధిలో ఏడిళ్ళు మా ఆయన చేతికొచ్చాయి. ఆవిడ కాదంటే ఏడూ పోతాయి.

ఆ మధ్యాహ్నం నేను అక్కతో ఫోన్లో కబుర్లాడుతూ కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఒక్క ముద్ద పెట్టుకుని సింకు దగ్గరికి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఈయన రెండోసారి వడ్డించుకుంటున్నాడు. గరిటె లాక్కుని, ఏమిటీ వేషమని నిలదీశాను. కంచం పక్కకి జరిపాడు.

"నెలైందే. అన్నం తింటున్నానో అట్టముక్క తింటున్నానో తెలీడం లేదు. ఇది బయటపడితే నన్నెవరు పిలుస్తారు?"

నాకు కోపం రావాలి, రాలేదు. మరి ఆ మీటరు తీసి చావొచ్చుగా అన్నాను. అది పట్టుకుంటే డాక్టరమ్మకి అనుమానం వస్తుందని భయపడ్డాడట. నాలుక ఎలాగూ పనిచేయడం లేదు, ఎర్రదీపం చెప్పిందే వేదమనుకుని బస్తాలు పోస్తూ పోయాడట. ఇంత తెలివి ఎక్కడ దాచుకున్నాడో!

మర్నాడు పొద్దున్నే వెంట నేనూ వెళ్ళాను. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, పూలమొక్కల పక్కన ఉమ్మేశాను. ఉప్పు తక్కువేమిటి, కావలసినదానికన్నా బోలెడుంది. అది వినగానే ఆయన ముఖంలోకి నెత్తురొచ్చింది. గబగబా గొట్టం విప్పాడు. రేకుల మధ్య తెల్లగా గార, నీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టినట్టు పట్టేసింది. పాపం ఆ పెట్టె ఉప్పుని పసిగట్టలేక, లేదు లేదని మొత్తుకుంది. చేతులకి తొడుగులేసుకుని, బకెట్టు నీళ్ళలో యాసిడ్ కలిపి, రేకుల్ని అందులో ఉంచాడు. బుసబుసా పొంగి గార విడిపోయింది. బిగించి కరెంటిస్తే, ఈసారి ఉప్పు ఎక్కువైందని ఇంకో దీపం వెలిగింది.

నీళ్ళు కొంత తోడించి కొత్త నీళ్ళు పెట్టాడు. ఎంత ఉప్పదనం ఉండాలో చెప్పమన్నాను. చేతులు తిప్పాడు, గాల్లోకి చూశాడు, చివరికి దొరికింది.

"నువ్వు నా మీద అలిగి కూరలో ఉప్పు మానేసి, మళ్ళీ జాలేసి పైన చిటికెడు చల్లి తెస్తావే, అలాగ."

ఆ రుచి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! గంటకోసారి రుచి చూస్తూ, ఇంకా తగ్గాలి, ఇంకా తగ్గాలి అంటూ సాయంత్రం దాకా కూర్చున్నాను. ఆఖరికి చాలన్నాను. ఆయన పంపు తిప్పాడు. పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. అప్పటికి మూడో వంతు నీళ్ళు మారాయి, మిగిలిన పచ్చదనాన్ని రెండ్రోజుల్లో క్లోరినే విరగ్గొడుతుందన్నాడు.

డాక్టరమ్మ బయటికొచ్చి ఇన్నాళ్ళూ ఏమైందని అడిగింది. మిషన్ పాతదైందని ఒక్క మాటనేస్తే సరిపోయేది. అలా అనమని మోచేత్తో పొడిచాను కూడా. ఈయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మిషన్ తప్పేం లేదమ్మా. జ్వరమొచ్చాక నా నాలుకకి రుచి పోయింది. తెలిసీ చెప్పకుండా మీ నీళ్ళలో మూడు బస్తాలు పోశాను. ఇవాళ బాగుచేసింది మా ఆవిడ."

నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు. డాక్టరమ్మ ఆయన్ని నాలుక చాపమంది. పరీక్షగా చూసి, జ్వరాల తర్వాత ఇలా అవుతుంటుందనీ, నెమ్మదిగా రావచ్చనీ, ఒకసారి ఆస్పత్రికి రమ్మనీ చెప్పింది. వచ్చే వారం వచ్చేటప్పుడు నన్నూ తీసుకురమ్మంది.

ఇంటికెళ్ళే దారిలో మలుపు దగ్గర బండి ఆపి, స్టీరింగు వంకే చూస్తూ అన్నాడు.

"రేపు ఆ ఏడిళ్ళూ చూడాలి. వస్తావా?"

ఇన్నేళ్ళలో ఆయన ఇలా చెయ్యి, అలా చెయ్యి అన్నాడే గానీ, నన్ను ఏదీ అడగలేదు. వినబడనట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ, ఇంకోసారి అడిగించుకుని, అప్పుడు సరేనన్నాను.