తాత రివాల్వరు పుట్టిన ఏడు

లిఫ్టు ఆపరేటరుగా ముప్పై ఏళ్లు పైకీ కిందికీ తిరిగి రిటైరైన పెద్దాయన, తాతగారి రివాల్వరును తువ్వాలులో చుట్టుకుని తుపాకుల మేస్త్రి దగ్గరికి వెళ్లాడు. తాత దానితో ఒక్క గుండుకే ఇద్దరు దొంగలను పడగొట్టాడని నాన్న చెప్పేవాడు. పెద్దాయన నోట పడేసరికి దొంగలు ఏడుగురయ్యారు, ఎనిమిదోవాడు చప్పుడుకే మూర్ఛపోయాడు. అక్క మాత్రం నలభై ఏళ్లపాటు "అన్నీ నాన్న కోతలే" అని కొట్టిపారేసేది. అక్క పోయి ఆర్నెల్లయినా, ఆమె మాట తప్పని తేల్చాలన్న పంతం ఈయనకు పోలేదు.

"గొట్టం మీద 1894 అని ఉంది చూడు మేస్త్రీ. అదే సంవత్సరం."

మేస్త్రి పిడి చెక్క విప్పి భూతద్దంలో చూశాడు. "అది వరస నంబరు బాబాయ్. సంవత్సరం ఇదిగో, చెక్క కింద కొట్టారు. పంతొమ్మిది వందల యాభై రెండు. తాతగారు ఎప్పుడు పోయారు?"

"నలభై ఒకటిలో."

"అయితే పోయాక లేచొచ్చి కాల్చారన్నమాట!"

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. కొన్నది నాన్నే, తాతకు అంటగట్టిందీ నాన్నే. అక్క గెలిచింది. ఉంటే వారం రోజులు ఏడిపించుకు తినేది.

"మేస్త్రీ, 'నేను చెప్పలేదట్రా?' అని ఒక్కసారి అను."

"మిమ్మల్ని 'రా' అనడమేంటి బాబాయ్?"

"నన్నలా పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అను."

మేస్త్రి గొంతు సవరించుకుని, రెండుసార్లు నోరు తెరిచి, చివరికి "నేను చెప్పలేదాండీ?" అన్నాడు.