సాక్ష్యం చెప్పిన ఆదివారం

నాకు ముప్పై తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో పాస్టరుగారి భార్య నన్ను లేచి నిలబడమన్నారు. పాస్టరుగారిని అయ్యగారు అని, ఆమెను అమ్మగారు అని మేమంతా అంటాం.

"మన సిస్టరుకి ఈ ఏడైనా పెళ్ళవ్వాలని అందరం ప్రార్థన సేద్దాం."

ఆమెకు నా మీద ప్రేమే. కాని అందరూ కళ్ళు మూసుకుంటే నేను తెరిచే ఉంచాను. చెవులు మండిపోయాయి. ఆ తర్వాత చర్చికి వెళ్ళలేదు.

నరసన్నపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. అమ్మానాన్నా పోయారు. అద్దె గదిలో ఒక్కదాన్నే. మొదట ప్రార్థన ఆగింది, తర్వాత వంట. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి, మాట లోపలికి దిగేది కాదు. విశ్వాసికి ఇలా అవుతుందా, నాలో ఏదో పాపముందా అని నన్ను నేనే తవ్వుకునేదాన్ని. వేసవి సెలవులొచ్చాక పలకరించేవాళ్ళూ లేరు. చచ్చిపోతే బాగుండునన్న ఆలోచన మొదట భయపెట్టింది. తర్వాత భయపెట్టడం మానేసింది.

ఒక ఉదయం తలుపు దబదబా మోగింది. ఇంటావిడ. నేను పిన్నీ అని పిలిచేదాన్ని.

"ఏటే, రెండ్రోజులై నీళ్ళు పట్టుకోలేదు? తలుపు తియ్యి!"

"తలనొప్పి పిన్నీ. తర్వాత తీస్తాను."

"ఇప్పుడే తియ్యి. లేపోతే మీ సిన్నాన్నని పిలిసి తలుపు గెడ ఇరగ్గొట్టిస్తాను."

తీశాను. చల్లారిన స్టవ్వు చూసింది, అట్టకట్టిన నా జుట్టు చూసింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నా మొకం సూసి సెప్పు. సచ్చిపోవాలనిపిస్తందా?"

అంత సూటిగా ఎవరూ అడగలేదు. తలూపాను.

"డాక్టరు దగ్గరికెళ్ళొద్దని మీ దేవుడేటైనా సెప్పాడా?"

"లేదు."

"మరైతే లే. మొకం కడుక్కో."

శ్రీకాకుళం వరకూ బస్సులో నా చెయ్యి వదల్లేదు. ఇది జబ్బేనని, నయమవుతుందని డాక్టరు చెప్పాడు. మాత్రలు పిన్ని తన బీరువాలో పెట్టుకుంది. "నీ దగ్గరుండొద్దు. రోజూ నేనే ఇస్తాను," అంది. మింగేదాకా ఎదురుగా నిలబడేది. కొన్ని వారాలకు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. ప్రార్థన అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది, అదీ ఒక్క మాటే: "ప్రభువా, ఉన్నాను."

మళ్ళీ చర్చికి వెళ్ళాను. దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచాను. మైకు అందుకున్నాను.

"నాకు డిప్రెషన్ వచ్చింది. మందులు వాడుతున్నాను. దేవుడు నన్ను విడిచిపెట్టలేదు. నా పెళ్ళి కోసం ప్రార్థన చెయ్యకండి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక్కదాన్నే తినలేకపోతున్నాను, ఎవరైనా భోజనానికి పిలవండి."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. అమ్మగారు తల దించుకున్నారు. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. తప్పు చేశానేమోనని నాకు మళ్ళీ గుబులు పట్టుకుంది.

మూడో వారం చెప్పులు వేసుకుంటుంటే పక్కకు వచ్చారు. "ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటాడమ్మా?"

"ఎవరికండీ?"

చుట్టూ చూశారు. "నాకే. శానాళ్ళై నిద్దర్లేదు. అయ్యగారికింకా సెప్పలేదు."

బుధవారం ఇద్దరం వెళ్ళాం. ఆ ఆదివారం వాళ్ళింట్లోనే భోంచేశాను.

నాకు పెళ్ళి కాలేదు. మనసు బరువెక్కే రోజులు ఇప్పటికీ వస్తాయి. వచ్చినప్పుడు తలుపేసుకోను. పిన్నికో అమ్మగారికో ఫోన్ చేసి, ఇవాళ బాగోలేదని చెబుతాను.