గుండె బాగున్నవాడి సంచి

ఇంజనీరు గుండె గుండ్రాయిలా ఉంటుంది. అయినా గుండెజబ్బు మనిషి మోయాల్సిన సంచిని పొద్దున లేచింది మొదలు భుజాన వేసుకుని తిరుగుతాడు. ఆయనకున్న తిక్క అదొక్కటే. మిగతా విషయాల్లో మనిషి బంగారమని ఆయన భార్యే ఒప్పుకుంటుంది. కాకపోతే సంచి కనపడనప్పుడు మాత్రమే ఒప్పుకుంటుంది. అది కనపడని క్షణమంటూ ఆ ఇంట్లో లేదు.

ఆయన పని గుండెకు సాయం చేసే పంపులు తయారుచేయడం. నీరసించిన గుండెకి ఆనించి చిన్న పంపు అమరుస్తారు. దాని తీగ పొట్ట పక్కనుంచి బయటికొచ్చి సంచిలోకి వెళ్తుంది. సంచిలో రెండు బ్యాటరీలు, పంపుని నడిపించే పెట్టె, అన్నీ కలిపి రెండున్నర కిలోలు. ఈయనకి లోపల పంపు లేదు గనక తీగ కొసని పొట్టకి ప్లాస్టరుతో అంటించుకుంటాడు. తక్కినదంతా అచ్చం రోగి లెక్కే.

“స్నానానికైనా తీసి పెట్టండి మహానుభావా!” అని ఆవిడ నెత్తీ నోరూ బాదుకుంటుంది.

“రోగి తీయలేడు కదే” అంటూ సంచికి ప్లాస్టిక్ కవరు తొడిగి, నిమ్మకు నీరెత్తినట్టు స్నానాల గదిలోకి వెళ్తాడు.

బ్యాటరీ తగ్గితే సంచి కీచుమంటుంది. బ్యాంకు వరసలో గానీ, మంగలి కుర్చీలో గానీ, “ఒక్క నిమిషం” అని బ్యాటరీ మార్చుకుంటాడు. బావమరిది ‘సంచీ బావ’ అని పేరు పెట్టాక చుట్టాల్లో అసలు పేరు మరుగున పడిపోయింది.

ఒకసారి బస్సులో పక్కనున్న పెద్దమనిషి, పాపం సాయం చేద్దామని, సంచి అందుకుని పైన పెట్టబోయాడు. “అయ్యయ్యో, తీగ!” అని ఈయన అరిచాడు. చొక్కాలోంచి తీగ రావడం చూసి బస్సంతా గొల్లుమంది. “నాకే జబ్బూ లేదండీ” అంటే వినేదెవరు? డ్రైవరు బస్సుని తిన్నగా ఆసుపత్రికి పోనిచ్చాడు.

అక్కడ కొత్తగా చేరిన నర్సు ఉంది. ఈ పంపు రక్తాన్ని కుళాయి నీళ్ళలా ఏకధారగా పంపుతుంది కాబట్టి, అది ఉన్నవాళ్ళకి చాలావరకు నాడి చేతికి అందదని ఆ అమ్మాయి ముందురోజే నేర్చుకుంది. ఈయన మణికట్టు పట్టుకుని హడలిపోయింది.

“డాక్టర్! ఈయనకి నాడి కొట్టుకుంటోంది! త్వరగా రండి!”

భార్య వెళ్ళి విడిపించుకొచ్చింది. దారిలో ఒక్క మాటే అంది. “పరువు కూడా ఆ సంచిలోనే దాచుకోకపోయారా?”

“చోటు లేదే.”

“అసలెందుకండీ ఈ మోత?”

“పరీక్ష” అని సంచి రెండో భుజానికి మార్చుకున్నాడు.

ఆ తరవాత నెలకి, ఇద్దరూ సినిమాకి బయల్దేరుతుంటే గుండె డాక్టరు ఫోను చేశాడు. బట్టలు కుట్టే ఒకావిడ ఉందట. పంపు పెట్టకపోతే నెల్లాళ్ళు బతకడం కష్టం. ఆవిడేమో ససేమిరా అంటోంది. “నువ్వొచ్చి నాలుగు మంచిమాటలు చెప్పవయ్యా” అన్నాడు.

ఇంజనీరు భార్య రుసరుసలాడుతూనే వెంట ఆసుపత్రికి వెళ్ళింది. మంచం మీద కుట్టుపని ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. కూతురు కళ్ళు తుడుచుకుంటోంది. అడుగుల చప్పుడికి ఆవిడ ఇటు తిరిగి సంచి చూసింది.

“నీకూ పెట్టారా నాయనా?”

“లేదమ్మా. నా గుండె బాగానే ఉంది.”

“మరి మోయడమెందుకు, పనిలేకనా?”

“పోయినేడాది ఈ పంపు పెట్టించుకున్న ఒక పెద్దాయన ‘ఇది తయారుచేశావు సరే, ఒక్కరోజు మోశావా?’ అని అడిగాడు. అప్పట్నుంచి మోస్తున్నాను.”

ఇంజనీరు భార్య ఈ మాట వినడం ఇదే మొదటిసారి.

“నిద్రెలా పడుతుంది?”

“మొదటి వారం పట్టదు. సంచి ఎడమపక్కన పెట్టుకుంటే తీగ లాగదు. నేను కుడిపక్కన పెట్టి నెలరోజులు చచ్చాను.”

“బరువా?”

“బరువే. సాయంత్రానికి భుజం పడిపోతుంది. అబద్ధం చెప్పలేను.”

డాక్టరు తల పట్టుకున్నాడు. కుట్టుపని ఆవిడ మాత్రం కూతురి సాయంతో లేచి కూర్చుంది. సంచి దగ్గరికి లాక్కుని పట్టీ తిరగేసి చూసింది.

“ఎవడు కుట్టాడిది? బరువంతా ఒక్క భుజం మీదే వేశాడు. వాడసలు దర్జీయేనా?”

“దాని నమూనా నేనే గీశానండీ” అన్నాడు ఇంజనీరు నసుగుతూ.

“నీకెందుకయ్యా ఈ పని? పంపైనా సరిగ్గా చేశావా?”

“పంపు బాగా చేశానమ్మా.”

ఆవిడ సంచి వదిలి, డాక్టరు వైపు తిరిగింది. “పెట్టెయ్యండి. సంచి సంగతి నేను చూసుకుంటాను.”

ఆపరేషను సవ్యంగా జరిగింది. ఇప్పుడావిడ బరువు రెండు భుజాల మీదా పడేలా కుట్టుకున్న కోటు వేసుకుని తిరుగుతోంది. మిగతా రోగులకీ కుట్టిపెడుతోంది, ఇంజనీరుకి కొలతలు నేర్పుతోంది.

కుట్టుపని ఆవిడ ఒప్పుకున్న రోజున ఆసుపత్రి మెట్లు దిగుతూ ఇంజనీరు భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఈ ముక్క నాకు ముందే చెప్పొచ్చుగా? ఇన్నాళ్ళూ ఎన్ని తిట్లు తిట్టాను!”

“చెబితే తిట్టడం మానేస్తావు. సంచి వల్ల రోగికి ఇంట్లో ఎన్ని తిట్లు పడతాయో కూడా తెలియాలి కదే. అందులో నీ సాయం చాలా ఉంది.”

ఆవిడ కళ్ళొత్తుకున్న కొంగుని విసురుగా నడుముకి దోపుకుంది. ఇక సినిమాహాలు చేరేదాకా ఆ సాయానికి ఏ లోటూ రానివ్వలేదు.