పేతురు కుర్చీ, నా కుడికాలు

అది రెండువేల మూడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్కాలం. ఎ.కొండూరు బడి నుంచి వచ్చి, తిరువూరులో బస్సు దిగి ఇంటికి నడిచాను. కుడికాలికి చెప్పు లేదని మా ఆవిడ చెబితేగాని నాకు తెలియలేదు. ఏప్రిల్ ఎండకు కాలిన తారు రోడ్డు. అరికాలు బొబ్బలెక్కింది, నొప్పి మాత్రం లేదు.

డాక్టరుగారు బ్లడ్ టెస్ట్ చేయించి, "షుగర్ బాగా పెరిగింది మాస్టారూ. న్యూరోపతీ వచ్చింది, అంటే కాలికి స్పర్శ పోయింది. నెల్లాళ్ళు కట్టు విప్పొద్దు, తడపొద్దు" అన్నారు.

పవిత్ర గురువారం ఇంకా రెండు వారాలుంది. ఆ సాయంత్రం మా చర్చిలో, క్రీస్తు శిష్యులకు చేసినట్టే, ఫాదర్‌గారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు. ఆరేళ్ళుగా మొదటి కుర్చీ, శిష్యుల్లో పెద్దవాడైన పేతురు కుర్చీ, నాది. "ఇది నాటకం కాదు" అనేవారు ఫాదర్‌గారు. "పస్కా పండుగ భోజనం తినే యూదులు 'మా తాతలు' అనరు, 'మేమే ఐగుప్తు బానిసత్వం నుంచి బయటికొచ్చాం' అంటారు. మనమూ అంతే. ఆ రాత్రి ఇవాళే."

నేను మానుకుంటే ప్రభువు ముందు కూర్చునేది మా తోడల్లుడు జోజయ్య. లారీ మెకానిక్కు. ఊళ్ళోకొచ్చి రెండేళ్ళు కాలేదు, అప్పుడే అందరికీ కావలసినవాడైపోయాడు. అతని పేరు వింటేనే నా కడుపు మండేది.

ఆ గురువారం కట్టు విప్పేసి వెళ్ళి కూర్చున్నాను. కాలిమీద పోసిన నీళ్ళు చల్లనివో వేడివో తెలియలేదు. తుడిచిన తువ్వాలుకి చీము అంటింది. ఫాదర్‌గారు తలెత్తి, "రేపే డాక్టరు దగ్గరికెళ్ళండి" అన్నారు మెల్లగా. వెళ్ళలేదు. కుర్చీ దొరకని జోజయ్య మొహం తలుచుకుని సంబరపడుతూ పడుకున్నాను.

ఈస్టరు నాటికి చలిజ్వరం. విజయవాడలో రెండు వేళ్ళు తీసేశారు. "రెండ్రోజులు ముందొస్తే మిగిలేవండీ" అన్నారు సర్జన్.

ఇంటికొచ్చాక పుండు చూస్తే మా ఆవిడకు కళ్ళు తిరిగేవి. జోజయ్య నర్సు దగ్గర డ్రెస్సింగ్ నేర్చుకొచ్చాడు. రెండు నెలలు, షెడ్డు మూసేశాక రోజూ వచ్చి, నేలమీద కూర్చుని, సెలైన్‌తో కడిగి కట్టు కట్టేవాడు.

"నీకెందుకయ్యా ఈ తిప్పలు?" అన్నానొకరోజు.

"కదలకన్నయ్యా, గుడ్డ జారిపోద్ది" అన్నాడు.

శిష్యుడి కుర్చీ కోసం నేను వేళ్ళు పోగొట్టుకుంటే, ప్రభువు చేసిన పని అతనికి అడక్కుండానే దక్కింది. అసూయ తగ్గిందని అబద్ధమాడను, రెట్టింపైంది.

ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. మెత్తటి బూట్లతో బడికెళుతున్నాను. పేతురు కుర్చీ జోజయ్యది, ఏటా చూసి కుళ్ళుకుంటాను. షుగరున్నవాళ్ళకు నేను చెప్పేదొకటే: రోజూ అరికాళ్ళు చూసుకోండి. కనబడకపోతే ఇంకొకరిని చూడమనండి, మీకు కిట్టనివాళ్ళైనా సరే.