సైరన్ కూతకు సువార్త మాత్ర

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఇందాక మా అమ్మాయి సువార్త డోలక్ వాయిస్తుంటే మీరంతా చప్పట్లు కొట్టారు, నేను మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఎందుకో పాతవాళ్లకు తెలుసు, కొత్తగా వచ్చినవారి కోసం చెబుతాను.

హిందీవాళ్ల ఊళ్లో, రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో, రైలు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానా పక్కనే మా క్వార్టరు. సువార్త అప్పుడు రెండో తరగతి. ఆడుకుంటున్నదల్లా వచ్చి నా ఒడిలో పడి, "అమ్మా, లోపల గాడీ తేజ్‌గా పోతంది, ఆపమ్మా!" అనేది, గుండెలో రైలు జోరుగా పోతోందని దాని మాట. చెయ్యి వేస్తే ఆ చిన్న గుండె గుప్పిట్లో పిచ్చుకలా కొట్టుకునేది, పెదాలు తెల్లబడిపోయేవి! ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లం, తీరా చేరేసరికి తగ్గిపోయేది, ఈసీజీ బాగానే వచ్చేది, "కమ్జోరీ హై, దూధ్ పిలాయియే" అని, నీరసమే, పాలు పట్టమని పంపేసేవారు. ఏ జబ్బో తెలియదు, మందు లేదు, బిడ్డ బడిలో ఎప్పుడు కూలిపోతుందోనని నాకు ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం ఆరాధనలో పాట జోరుమీదుంది, డోలక్ మోగుతోంది, సువార్త నిలబడినచోటే వణకసాగింది. పరిశుద్ధాత్మ దిగివచ్చిందనుకున్నారండీ అందరూ! "హల్లెలూయ" అంటూ ఇంకా గట్టిగా పాడారు, మా అత్తగారైతే ఆనందంతో ఏడ్చేశారు. పాస్టరమ్మగారు ఒక్కరే దగ్గరికొచ్చి పిల్ల గుండె మీద చెయ్యి వేసి, "ఆపండి పాట! ఇది ఆత్మ కాదర్రా, పిల్లకి పేణం మీదకొచ్చింది!" అని కేక వేశారు.

పాస్టరుగారి స్కూటరు మీద, గుండె ఇంకా పరుగెడుతుండగానే ఆసుపత్రి చేరాం, మొట్టమొదటిసారి ఈసీజీకి ఆ జబ్బు దొరికింది. గుండె లయ తప్పి పరుగెడుతోందన్నారు. ఆ చలికి గుండె నెమ్మదిస్తుందని మొహం మీద ఐసు సంచి పెట్టారు, తగ్గలేదు. అప్పుడు డాక్టరమ్మ సూదిమందు తీసి, "ఘబరానా మత్ బహన్, ఏక్ పల్ రుకేగా, ఫిర్ ఠీక్ చలేగా" అంది, కంగారుపడొద్దు, గుండె ఒక్క క్షణం ఆగి మళ్లీ సరిగ్గా నడుస్తుందని. మందు ఎక్కగానే తెర మీద గీత ఎగుడుదిగుడు లేకుండా చదునైపోయింది! "ప్రభువా, నువ్విచ్చిన ఊపిరి, నువ్వే నిలుపు తండ్రీ" అన్నాను. గీత లేచింది, ఒకటి, మరొకటి, నెమ్మదిగా, బుద్ధిగా. "అమ్మా, గాడీ ఆగింది" అంది నా తల్లి. దేవునికే మహిమ!

అక్కడినుంచి రోజుకు మూడు పూటలా మాత్ర, మా అంతట మేము మానకూడదని గట్టిగా చెప్పారు. ప్రార్థన చేశాక మళ్లీ మాత్రెందుకని అత్తగారు ముఖం ముడుచుకుంటే పాస్టరమ్మగారు, "ప్రార్దన చేసి అన్నం తింతాం గానీ, ప్రార్దన చేసేసినావని అన్నం మానెత్తామేటి?" అన్నారు. ఆ తరువాత అత్తగారే మాత్ర నూరి, తేనెలో కలిపి, కార్ఖానా సైరన్ కోసం ఎదురుచూసేవారు. పొద్దున్న కూతకు ఒకటి, భోజనం కూతకు ఒకటి, సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగే కూతకు ఒకటి. ఆదివారం కార్ఖానాకు సెలవు, కూత ఉండదు, అందుకని పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, "సువార్తకు మాత్ర పడిందా?" అని అడిగేవారు, సంఘమంతా నవ్వేది. ఎంత చక్కని రోజులో అవి! అత్తగారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు, ఆ తేనె సీసా మాత్రం నా వంటింట్లోనే ఉంది.

ఏళ్లు గడిచాక డాక్టరమ్మే కొద్దికొద్దిగా మాత్ర తగ్గించి, ఆఖరుకు మానిపించింది. గాడీ మళ్లీ పరుగెత్తలేదు. ఆ గుండె గల పిల్లే ఈరోజు మీ అందరి పాటకు తాళం తప్పకుండా వాయించింది. కార్ఖానా సైరన్ మోగితే, పెద్దయ్యాక మాత్ర మింగిన అలవాటుకు, ఇప్పటికీ దాని చెయ్యి మంచినీళ్ల గ్లాసు మీదకు పోతుంది!

నా తల్లులారా, నా తండ్రులారా, మీ ఇంట్లో బిడ్డ కోసం భయపడుతున్నారా? ఆయనను నమ్మండి, ఆయన ఇచ్చిన వైద్యుణ్ణీ నమ్మండి. మా సంఘంలో ఆనాటినుంచి ఒక అలవాటుంది: ఆరాధనలో ఏ బిడ్డ వణికినా ముందు గుండె మీద చెయ్యి, ఆ తరువాతే హల్లెలూయ.