బాబాయి పేరు మీద ఇల్లు

పోయిన నెలలో ఒక ఆదివారం మా అమ్మాయీ అల్లుడూ నన్ను కారెక్కించుకుని కంకిపాడు దాటించి తీసుకెళ్ళారు. ఊరి చివర ఓ ఎకరం నేల, అందులో ఒక ఇల్లు కొనుక్కోవాలని ఏడాదిగా వాళ్ళకి పిచ్చి పట్టుకుంది లెండి. అమ్మాయికి మామిడి చెట్లు కావాలి, అల్లుడికి బోరు నీళ్ళు తియ్యగా ఉండాలి, మనవరాలికి రెండు కుక్కలు పరిగెత్తేంత చోటుండాలి, నేనేమో పెద్దదాన్ని గనుక వెంట ఉండి తలాడించాలి. మూడు చోట్లు చూసి నాలుగోదాని దగ్గర దిగాక, చూపించే ఆయన తూర్పు వాకిలి గురించీ రోడ్డు వెడల్పు గురించీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, నేను ఉండబట్టలేక అమ్మాయిని పక్కకి పిలిచి, కొంటే ఎవరి పేరు మీద రాయిస్తారే అని అడిగాను. ఇంకా బేరమే కాలేదు, అప్పుడే పేరెందుకమ్మా అని అది పకపకా నవ్వింది. నవ్వదూ మరి! దానికేం తెలుసు? నా ఈడు వాళ్ళకైతే చెప్పగానే అర్థమవుతుందని మీతో చెప్పుకుంటున్నాను.

మాది నేత కుటుంబం. నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా బెజవాడ వన్‌టౌన్‌లో ఒక సందులో అద్దెకుండేవాళ్ళం. నాన్న, అమ్మ, నాయనమ్మ, నాన్నకి తమ్ముడైన మా బాబాయి, నేను, ఇంతే మా ఇల్లు. మా నాన్న నేసేది గుంట మగ్గం, అంటే నేలలో నడుము లోతు గుంట తవ్వి, గట్టు మీద కూర్చుని, కాళ్ళు లోపల పెట్టుకుని నేస్తారన్నమాట. అద్దె ఇంట్లో మేకు కొడితేనే ఊరుకోని వాళ్ళు గుంట తవ్వనిస్తారా? అందుకని నాన్న పొద్దున్నే ఎవరి షెడ్డుకో వెళ్ళి, ఎవరి మగ్గం మీదో కూర్చుని, ఎవరి చీరలో నేసి వచ్చేవాడు. తన ఇంట్లో తన గుంట తవ్వుకోవాలన్నది ఒక్కటే ఆయన కోరిక. నాకు తెలిసి జీవితంలో ఆయన ఇంకేమీ అడగలేదు.

బాబాయి నాన్న కంటే పదేళ్ళు చిన్న. నాన్నే మగ్గం మీద కూర్చుని ఆయన్ని పదకొండో క్లాసు దాకా చదివించాడు. ఆ చదువుతో బాబాయి ఒక బట్టల కొట్లో కుదురుకుని, తెల్లచొక్కా వేసుకుని, జేబుకి పెన్ను పెట్టుకుని తిరిగేవాడు. నాకు ఆయనంటే ప్రాణం. నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం పెట్టేది ఆయనే, స్కూల్లో టీచరమ్మ పిలిస్తే వచ్చేదీ ఆయనే. నాన్న మగ్గం దిగే తీరిక లేక అలా చేస్తున్నాడని అనుకునేదాన్ని. సాయంత్రం పేపరు తెచ్చి, కళ్ళు లాగుతున్నాయి నువ్వు చదివి పెట్టమ్మా అని నాన్న నా చేతికిస్తే, అది నా మీద ముద్దనుకుని గొంతెత్తి చదివేదాన్ని.

ఇల్లు వెతకడం మొదలుపెట్టాక ప్రతి ఆదివారం అన్నదమ్ములిద్దరూ చెరో అద్దె సైకిలు తీసుకుని, బాబాయి వెనక నన్ను ఎక్కించుకుని బయల్దేరేవారు. నాన్న భుజం మీద ఎప్పుడూ ఒక తాడు చుట్ట ఉండేది. అదెందుకో చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు పడుగు, అంటే చీరకి నిలువు దారాలు, నాలుగైదు చీరల పొడవున ఆరుబయట కర్రల మీద చాపి, బియ్యపు గంజి పట్టించి, అటొకరు ఇటొకరు నడుస్తూ కుంచెతో దువ్వాలి. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, పోగుకి పోగు అంటుకోకుండా ఆరేదాకా కదలకూడదు. మధ్యలో వదిలేసి వెళ్ళారో, దారాలన్నీ అట్టకట్టి పడుగంతా పారెయ్యాల్సిందే. దానికి వంకర లేని పొడవాటి నేల కావాలి. నాన్న తాడు ఆ పొడవే.

మైలవరం వైపు ఒకటి చూశాం, బావి బాగుంది, నీడ బాగుంది, నేలంతా రాయి, గునపం దిగలేదు. పామర్రు దారిలో ఇంకొకటి, పెంకుటిల్లు లక్షణంగా ఉంది గానీ నల్లరేగడి, వానాకాలం గుంటలో నీళ్ళూరతాయని నాన్న వద్దన్నాడు. ఎవరైనా ఇల్లు చూడటానికి వెళితే గదులెన్ని, వంటిల్లెక్కడ అని చూస్తారు. మా నాన్న సరాసరి దొడ్లోకి వెళ్ళి తాడు చాపేవాడు. ఇల్లమ్మే వాళ్ళు, ఈయనేదో భూమిని తాడుతో కట్టుకుపోయేలా ఉన్నాడే అన్నట్టు చూసేవారు. చివరికి కంకిపాడు వెళ్ళే రోడ్డు నుంచి లోపలికి, అప్పటికి ఊరు అంటుకోని చోట, ఎకరమున్నర నేలలో ఒక పాత పెంకుటిల్లు దొరికింది. పెంకుల్లోంచి ఆకాశం కనిపించేది. దక్షిణం వాకిలని నాయనమ్మ మూతి ముడుచుకుంది. కానీ ఇంటి వెనక వరసగా కానుగ చెట్లు, వాటి పక్కన చాపలా చదునైన నేల. తాడు చాపితే ఇంకా పది బారల నేల మిగిలింది. నాన్న ఆ చివర నిలబడి నవ్వడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

అమ్మ మెడలో గొలుసు, నాయనమ్మ కడియాలు, ఇన్నేళ్ళూ నాన్న కూడబెట్టినదీ అంతా పోగుచేస్తే సరిపోయింది. బాబాయి అప్పుడప్పుడే సంపాదనలో పడ్డాడు గనుక ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. రిజిస్ట్రేషన్ రోజున నేను బడికి వెళ్ళి వచ్చేసరికి తెలిసిందేమిటంటే, నాన్న వెళ్ళలేదట. ఆ పొద్దున షెడ్డు దగ్గర పడుగుకి గంజి పెట్టారట, వదిలి రావడానికి వీల్లేక తమ్ముడిని పంపాడట. కొన్నాళ్ళకి కాగితాలు ఇంటికొచ్చాయి. నాన్న నన్ను పీట మీద కూర్చోబెట్టి చదవమన్నాడు. తూర్పున డొంక, ఉత్తరాన కాలవ అంటూ హద్దులన్నీ చదివి, కొన్నవారి పేరు దగ్గరికి వచ్చేసరికి బాబాయి పేరొక్కటే ఉంది. చదివాను. అమ్మ తలెత్తి నాన్న వైపు చూసింది. "వాడి పేరుంటే నా పేరున్నట్టే కదే" అన్నాడు నాన్న. ఆ మాటతో ఇంట్లో ఆ సంగతి ముగిసిపోయింది.

ఆ ఇంట్లో పన్నెండేళ్ళున్నాం. నాన్న తన చేత్తో గుంట తవ్వుకున్నాడు. తెల్లవారుజామున గంజి వాసన, కానుగ నీడలో అటు నాన్న ఇటు అమ్మ నడుస్తూ దువ్వుతున్న పడుగు, దొడ్లో బీర పందిరి, గేదె, అబ్బో, ఆ రోజుల గురించి మొదలుపెడితే నేను ఆపలేను గానీ, మా నాన్న అంత హాయిగా బతకడం ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బాబాయికి పెళ్ళయింది, పిన్ని వచ్చింది, ఊళ్ళో కాపురం పెట్టారు, సొంత కొట్టు తెరిచారు. నాన్న నేసిన చీరలు ఆ కొట్లోనే అమ్ముడయ్యేవి. ఈలోగా ఊరు మెల్లగా మా వైపు జరుగుతూ వచ్చింది. బస్సులు మా డొంక మొదటిదాకా వచ్చాయి. మేము సంబరపడ్డాం, పిచ్చివాళ్ళం.

నాకు పామర్రు దగ్గర ఒక స్కూల్లో టీచరుగా ఉద్యోగం వచ్చిన ఏడాదే, ఒక ఆదివారం ఇంట్లో ఉండగా, పడుగు మీద గంజి తడి ఆరకముందే నలుగురు మనుషులు టేపులూ హద్దురాళ్ళూ వేసుకుని దిగారు. నేల అమ్ముడైపోయిందట, ప్లాట్లు వేస్తారట, అడ్డంగా ఉన్న ఈ దారాలు తియ్యాలట. నేను అరిచాను, అమ్మ కుంచె పట్టుకునే నిలబడిపోయింది. నాన్న మాత్రం వాళ్ళతో, "గంజి మీదుందయ్యా, ఆరనివ్వండి, తీసేస్తా" అన్నాడు. అన్నట్టే, అది ఆరేదాకా దువ్వుతూనే ఉన్నాడు. వాళ్ళు చెట్ల కింద కూర్చుని బీడీలు కాల్చుకుంటూ ఎదురుచూశారు.

మధ్యాహ్నానికి బాబాయి వచ్చాడు. ఎక్కడైనా రెండు గదులు చూసి పెడతాలే అన్నయ్యా, ఈ రోజుల్లో చేనేత ఎవరు కడుతున్నారు, ఎన్నాళ్ళు ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుంటావు అన్నాడు. నేనే ఆగలేక, ఇది మా నాన్న ఇల్లు, అమ్మడానికి నువ్వెవరివి బాబాయ్ అని మీదికెళ్ళాను. ఆయన కోప్పడలేదు. చిన్నప్పటి నుంచీ నన్ను పిలిచే పిలుపుతోనే, ఎంతో నెమ్మదిగా, "అమ్మడూ, కాగితంలో ఎవరి పేరుందో నువ్వే కదమ్మా అందరికీ చదివి వినిపించావు" అన్నాడు. చెప్పుతో కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

కోర్టుకెళదాం నాన్నా, లాయరుతో నేను మాట్లాడతానంటే ఆయన తల అడ్డంగా తిప్పాడు. వెళ్ళే ముందు తను తవ్విన గుంటని తనే మట్టితో పూడ్చి, పైన పేడతో అలికించాడు. మళ్ళీ మగ్గం ఎక్కలేదు. తర్వాత ఎక్కడ పనిచేశాడో తెలుసా? చెప్పడానికి నాకిప్పటికీ సిగ్గే. తమ్ముడి బట్టల కొట్లో! మిల్లు చీరలు విప్పి చూపించి, వద్దంటే మళ్ళీ మడతపెట్టి బీరువాలో సర్దుతూ పద్దెనిమిదేళ్ళు నిలబడ్డాడు. పరాయి వాడి కొట్టు కాదు కదే అనేవాడు. అమ్మ మాత్రం మళ్ళీ మరిది గుమ్మం తొక్కలేదు. నాన్న పోయినప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చింది బాబాయే. ఆ ఏడుపు వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

నాన్న పెద్దకర్మ అయ్యాక ఒకరోజు అమ్మ, బియ్యం ఏరుతూ ఏరుతూ, అసలు సంగతి బయటపెట్టింది. నాన్నకి సంతకం రాదట. అక్షరమ్ముక్క రాదట! ఆ పడుగుకి గంజి పెట్టాల్సింది ఇంకో నాలుగు రోజులకట, కావాలని ఆ పొద్దున పెట్టుకున్నాడట. "మీ బాబాయి చెప్పాడే, ఆఫీసరు ఎదురుగా కొన్నవాళ్ళు సంతకం పెట్టాలంట, రాకపోతే అందరి ముందూ వేలు పట్టుకుని సిరా పూసి ముద్ర వేయిస్తారంట అని. అది విన్న దగ్గర్నించీ మీ నాన్న అన్నం సయించక తిరిగారు. కోర్టులో మాత్రం సంతకం అడగరా ఏంటి?" అంది. నేనప్పటికి ఎంతోమంది పిల్లలకి అక్షరాలు దిద్దించాను, మధ్యాహ్నాలు కూలి ఆడవాళ్ళని కూర్చోబెట్టి సంతకాలు నేర్పించాను. మా నాన్న నా చేతికి పేపరు ఎందుకిచ్చేవాడో ఒక్కసారన్నా ఆలోచించలేదు. తన పరువు నా దగ్గర కూడా దాచుకున్నాడే అని కోపమొచ్చింది, కనిపెట్టలేకపోయినందుకు నా మీద నాకు ఇంకా కోపమొచ్చింది.

అయినా బాబాయిని నేను రెండుగా చేసుకుని బతికాను. ఒకాయన ఇల్లమ్మిన బాబాయి, ఆయనంటే అసహ్యం. ఇంకొకాయన నన్ను ఊళ్ళన్నీ తిప్పి ఇల్లు వెతికిన బాబాయి. ఆయన మంచివాడే, అన్నయ్య సిగ్గుపడకూడదని తానే వెళ్ళి పని చక్కబెట్టుకొచ్చాడు, భూమికి ధర పెరిగాక బుద్ధి చెడింది, అంతే, అనుకున్నాను. ఏడేళ్ళ క్రితం ఆయన పోతే, వద్దనుకుంటూనే వెళ్ళి, ఆ రెండో బాబాయి కోసం కాసేపు ఏడ్చి వచ్చాను కూడా.

ఆ నాలుగో చోటికే బేరం కుదిరి, మొన్న బుధవారం అమ్మాయి వాళ్ళ రిజిస్ట్రేషన్ జరిగింది. భార్యాభర్తలిద్దరి పేరు మీదా రాయించారు, సంతోషం. సాక్షిగా నన్నూ తీసుకెళ్ళారు. ఇప్పుడంతా ఎంత మారిపోయిందనుకున్నారు! ఇంజనీరైన మా అల్లుడు, బ్యాంకులో పనిచేసే మా అమ్మాయి, అమ్మినాయన, అందరూ వరసగా వెళ్ళి ఫోటో దిగి వేలిముద్రలు వేశారు, ఎవరికీ సిగ్గు లేదు, ఎవరూ వింతగా చూడలేదు. అది చూసి మనసాగక, కాగితాలు రాసిన పెద్దాయనతో, మా నాన్న ఈ ముద్రకి భయపడే ఆ రోజుల్లో రిజిస్ట్రేషన్‌కి రాలేదండీ అన్నాను. యాభై ఏళ్ళకి పైగా అదే పనిలో ఉన్న మనిషి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసి, "అప్పట్లో కొన్నవాళ్ళతో పనేముందమ్మా? అమ్మినాయన సంతకం పెడితే సరిపోయేది. మీ నాన్నగారు ఇంట్లో కూర్చుని పేరు చెప్పి పంపించినా, ఆయన పేరు మీదే రాసేవాళ్ళం కదండీ" అన్నాడు.

కొన్నవాళ్ళు సంతకం పెట్టాలని బాబాయి ముందు నాన్నతో తెలియకే చెప్పాడనుకుందాం. రిజిస్ట్రేషన్ రోజున కాగితాలు రాసే బల్ల దగ్గర కూర్చున్నవాడికి, ఎవరి పేరు రాయమంటారని రాసేవాళ్ళు అడిగినప్పుడైనా తెలిసే ఉంటుంది కదా. అన్నయ్య పేరు చెప్పడానికి నోరు రాలేదు. అంటే ఆ పన్నెండేళ్ళూ మా దొడ్లో అన్నం తిని, అమ్మ చేతి బీరకాయ కూర బాగుందని మెచ్చుకుని, నన్ను అమ్మడూ అని పిలిచినంత కాలమూ ఆయనకి తెలుసన్నమాట. అమ్మాయి నా మొహం చూసి, ఏంటమ్మా, ఎండ దెబ్బ తగిలిందా అని నీళ్ళిచ్చింది. ఏమీ లేదన్నాను. ఇల్లు పోయి నలభై ఏళ్ళు దాటింది, నాన్న పోయాడు, అమ్మా పోయింది, వాటన్నిటికీ ఎప్పుడో ఏడ్చేశాను. ఆ మంచి బాబాయి ఒక్కడు మిగిలాడనుకున్నాను ఇన్నాళ్ళూ. మొన్నటితో ఆయనా లేడు, అసలెప్పుడూ లేనే లేడు.